ఒక్క కాలమ్ ప్రొడక్షన్‌కి వెళ్లడానికి నెలా? పెద్ద కంపెనీల్లో ఎక్కడ ఆగుతుంది, ఎలా కదపాలి?

కొండాపూర్_కోడర్
చిన్న కంపెనీ నుంచి హైదరాబాద్‌లో ఒక అమెరికన్ బ్యాంకు జీసీసీకి (ఆ బ్యాంకు సొంత టెక్ కేంద్రం) మారాను. జావా, స్ప్రింగ్ బూట్, డేటాబేస్ పోస్ట్‌గ్రెస్. కస్టమర్ టేబుల్‌లో 'ఇష్టమైన భాష' అని ఒక కాలమ్ చేర్చాలి. కోడ్ రాయడం ఒక పూట పని. పుల్ రిక్వెస్ట్‌కి (కోడ్ మార్పు చూసి ఆమోదించమనే అభ్యర్థన) రెండు టీముల ఆమోదం కావాలంది, అక్కడే వారం పోయింది. తర్వాత సెక్యూరిటీ స్కాన్ ఏదో పాత లైబ్రరీని పట్టుకుని బిల్డ్ ఆపేసింది. అది తేలేలోపు క్యాబ్ (మార్పులకి అనుమతిచ్చే బోర్డు మీటింగ్) కటాఫ్ దాటిపోయింది. తర్వాతి క్యాబ్ నాటికి నెలాఖరు ఫ్రీజ్ (ప్రొడక్షన్‌లో మార్పులు ఆపే రోజులు) మొదలైంది.
ప్రాసెస్ మార్చేంత స్థాయి నాకు లేదు. నా చేతిలో ఉన్నంతలో ఏం చేస్తే త్వరగా దాటుతుందో చెప్పండి. ఓపిక పట్టమని మాత్రం చెప్పకండి, అది ఆఫీసులోనే చెప్తున్నారు.

ఓరుగల్లు99
మామూలే బ్రో. కానీ నెలంతా ఒక్క కారణంతోని పోలేదు. నువ్వే రాసినవ్ గదా, నాలుగు చోట్ల ఆగింది: రివ్యూ, స్కాన్, క్యాబ్, ఫ్రీజ్. నాలుగింటికి నాలుగు వేరే మందులు. టికెట్ హిస్టరీ తెరిచి ఏ తారీఖున ఏ స్థితిల ఉందో ఒక్కసారి రాసుకో. పని చేసిన టైమ్ గంటలల్ల ఉంటది, ఎదురుచూసిన టైమ్ రోజులల్ల ఉంటది. కోడ్ ఇంకింత స్పీడుగ రాస్తే ఏం రాదు. క్యూల తొందరగ పడాలె, పడ్డంక వెనక్కి రావొద్దు.

నైట్‌షిఫ్ట్_నాని
ఎమర్జెన్సీ చేంజ్ టికెట్ వేసెయ్. క్యాబ్ లేదు, ఫ్రీజ్ లేదు. అదే రోజు అయిపోతుంది.

రిలీజ్_రమణ
నాని, ఆ సలహా ఇవ్వకు. ఎమర్జెన్సీ చేంజ్ అంటే సేవ ఆగిపోయినప్పుడో, భద్రతా లోపం బయటపడ్డప్పుడో వాడేది. ప్రతి ఎమర్జెన్సీకీ ఒక ఇన్సిడెంట్ నంబరు జత చేయాలి, తర్వాత ఆడిట్‌లో వాటినే ముందు తీసి చూస్తారు. భాష కాలమ్‌కి ఏ ఇన్సిడెంట్ నంబరు చూపిస్తాడు? టీమ్ పేరు ఒక్కసారి ఆ లిస్టులో ఎక్కితే తర్వాత మామూలు టికెట్లకీ వంద ప్రశ్నలు వస్తాయి.

బ్యాకెండ్_బుజ్జి
రివ్యూ గురించి నేను చెప్తాను. ఎక్కువ రోజులు పోయేది అక్కడే.
రెండు టీములు ఎందుకొచ్చాయో చూశారా? రిపోలో కోడ్‌ఓనర్స్ ఫైల్ తెరవండి, ఏ ఫైల్‌ని ఏ టీమ్ ఆమోదించాలో అందులో ఉంటుంది. గిట్‌హబ్‌లో ఒక ఫైల్‌కి రెండు మూడు వరుసలు సరిపోలితే, అన్నిటికన్నా కింద ఉన్న వరుసే చెల్లుతుంది. పైన మన టీమ్ పేరు చూసి మనదే అనుకుంటాం, కింద ఎక్కడో ప్లాట్‌ఫామ్ టీమ్ పేరు ఉంటుంది. షేర్డ్ కాన్ఫిగ్ ఫోల్డర్‌లో ఒక్క ఫైల్ ముట్టుకున్నా పుల్ రిక్వెస్ట్ మొత్తం వాళ్ల కోసం ఆగుతుంది. ఆ ఒక్క ఫైల్‌ని వేరే పుల్ రిక్వెస్ట్‌గా ముందే పంపండి. పది వరుసల మార్పుని వాళ్లూ వెంటనే చూస్తారు. మిగతాది మీ టీమ్‌లోనే అయిపోతుంది.
రెండోది, కొత్త కమిట్ పడగానే పాత ఆమోదాలు రద్దయ్యే సెట్టింగ్. బ్యాంకుల్లో దీన్ని ఆన్‌లోనే ఉంచుతారు. ఒకరు ఆమోదించాక స్పేస్ సరిచేసి పుష్ చేశారంటే మళ్లీ మొదటికి. కామెంట్లన్నీ వచ్చేదాకా ఆగి, సవరణలన్నీ ఒకే పుష్‌లో పెట్టండి.
ఇంకా, పేర్లు మార్చడం, ఫార్మాటింగ్ లాంటివి అసలు మార్పుతో కలపకండి. 600 వరుసల తేడాలో 40 వరుసలే అసలు పని అయితే, చూసేవాళ్లు ఆ 40 వెతుక్కోలేక రేపటికి వాయిదా వేస్తారు.

కొండాపూర్_కోడర్
బుజ్జి గారూ, సరిగ్గా అదే. కాన్ఫిగ్ ఫోల్డర్‌లో ఒక్క ఫైల్ ఉంది. రెండో టీమ్ అందుకే వచ్చింది. వాళ్లు న్యూజెర్సీలో ఉంటారు.

టెక్సస్_తాత
న్యూజెర్సీ అంటే ఈస్టర్న్ టైమ్. మనకీ వాళ్లకీ చలికాలంలో పదిన్నర గంటల తేడా, మార్చి రెండో ఆదివారం నుంచి నవంబరు మొదటి ఆదివారం దాకా తొమ్మిదిన్నర. వాళ్ల ఉదయం 10 అంటే మీకు చలికాలంలో రాత్రి 8:30, వేసవిలో 7:30. సాయంత్రం 6 లోపు పుల్ రిక్వెస్ట్ వాళ్ల డబ్బాలో ఉంటే పొద్దున కాఫీతో చూస్తారు. రాత్రి 11కి పెడితే వాళ్లు మీటింగుల్లో ఉంటారు. ఒక ప్రశ్న అడిగి వదిలేస్తే, మీ జవాబు వాళ్లకి చేరేది మర్నాడే.
కాబట్టి ప్రశ్న రాకుండా వివరణ రాయాలి. ఏం మారింది, ఎందుకు, ఏం మారలేదు, ఎలా పరీక్షించారు, ఏ ఫైల్‌తో చదవడం మొదలుపెట్టాలి. 'జిరా టికెట్ చూడండి' అని లింకు పడేసి ఊరుకుంటే ఒక రోజు పోయినట్టే.

డీబీఏ_దుర్గ
ఇంత చర్చ జరుగుతోంది గానీ అసలు మైగ్రేషన్ (టేబుల్‌ని మార్చే స్క్రిప్ట్) ఎలా రాశారో ఎవరూ అడగలేదు. కొండాపూర్ బ్రదర్, టేబుల్‌లో వరుసలెన్ని? పోస్ట్‌గ్రెస్ ఏ వర్షన్? పాత కస్టమర్లకి ఆ కాలమ్‌లో ఏం ఉండాలి?

కొండాపూర్_కోడర్
సుమారు 4 కోట్ల వరుసలు. వర్షన్ 13. పాత వాళ్లకి కాల్ సెంటర్ రికార్డుల టేబుల్ చూసి ఇంగ్లీషో స్పానిషో నింపాలి. చివరికి నాట్ నల్ (ఖాళీగా ఉండకూడదన్న నియమం) కావాలన్నారు. కాలమ్ చేర్చడం, నింపడం, నాట్ నల్ పెట్టడం మూడూ ఒకే ఫైల్‌లో రాశాను. డీబీఏ టీమ్ ఇంకా చూడలేదు.

డీబీఏ_దుర్గ
చూస్తే తిప్పి పంపుతారు, పంపాలి కూడా. ఎందుకో చెప్తాను.
ఆల్టర్ టేబుల్‌తో కాలమ్ చేర్చడానికి ఆ టేబుల్ మీద అన్నిటికన్నా బలమైన తాళం, యాక్సెస్ ఎక్స్‌క్లూజివ్ లాక్ కావాలి. కాలమ్ చేర్చే పని క్షణమే. కానీ ఒకే ఫైల్ అంటే ఒకే ట్రాన్సాక్షన్, ట్రాన్సాక్షన్ ముగిసేదాకా తాళం వదలదు. అంటే 4 కోట్ల వరుసలు నింపుతున్నంతసేపూ ఆ టేబుల్‌ని చదవడానికి కూడా ఎవరికీ వీలుండదు. లాగిన్ ఆగిపోతుంది.
విడగొట్టినా ఇంకో ప్రమాదం ఉంది. ఎవరో రిపోర్టు కోసం ఇరవై నిమిషాల సెలెక్ట్ నడుపుతున్నారనుకోండి. మీ ఆల్టర్ దాని వెనక నిలబడుతుంది. ఆ తర్వాత వచ్చే ప్రతి మామూలు సెలెక్ట్ మీ ఆల్టర్ వెనక నిలబడుతుంది. మీ మార్పు ఇంకా మొదలే కాలేదు, అప్లికేషన్ మాత్రం పడిపోయింది. అందుకే మైగ్రేషన్ మొదట్లోనే లాక్ టైమౌట్ 2 లేదా 3 సెకన్లు పెట్టండి. దొరక్కపోతే ఎర్రర్ ఇచ్చి తప్పుకుంటుంది, కాసేపాగి మీరే మళ్లీ నడపాలి.

ఓరుగల్లు99
డిఫాల్ట్ విలువ ఇచ్చి కాలమ్ చేరిస్తే టేబుల్ మొత్తం తిరగరాస్తదని విన్న. అది ఇప్పటికీ ఉందా?

డీబీఏ_దుర్గ
2018లో వచ్చిన వర్షన్ 11 నుంచి లేదు. స్థిరమైన డిఫాల్ట్ అయితే కేటలాగ్‌లో రాసుకుని ఊరుకుంటుంది. ప్రతి వరుసకీ మారే డిఫాల్ట్, అంటే రాండమ్ యూయూఐడీ లాంటిది అయితే ఇప్పటికీ తిరగరాస్తుంది. కొండాపూర్ వాళ్లకి విలువ ఇంకో టేబుల్ నుంచి రావాలి కాబట్టి డిఫాల్ట్ పనికిరాదు. కాలమ్‌ని ఖాళీగా, నల్ ఒప్పుకునేలా చేర్చాలి.
నింపేటప్పుడు ప్రైమరీ కీ వరస ప్రకారం ఒక్కో బ్యాచ్‌లో 10,000 వరుసలు, ప్రతి బ్యాచ్‌కీ కమిట్. 4 కోట్లకి 4,000 బ్యాచ్‌లు. బ్యాచ్‌కి ఒక సెకను, మధ్యలో అర సెకను విరామం అనుకుంటే 6,000 సెకన్లు, గంటా నలభై నిమిషాలు. విరామం తీసేయాలని ఎవరైనా అంటే ఒప్పుకోకండి, రెప్లికాలు (డేటాబేస్ నకళ్లు) వెనకబడకుండా కాపాడేది అదే. అప్‌డేట్ షరతులో 'భాష నల్ అయితేనే' అని ఉండాలి. లేకపోతే ఈలోపు కస్టమర్ స్వయంగా ఎంచుకున్న భాష మీద పాత విలువ పడుతుంది.
ఇండెక్స్ కావాలంటే నింపడం అయ్యాకే. ముందే ఉంటే ప్రతి అప్‌డేట్‌కీ ఇండెక్స్‌లో కూడా రాయాలి. అది కూడా కాన్‌కరెంట్లీ అని కట్టాలి. ఆ కమాండ్ ట్రాన్సాక్షన్ లోపల నడవదు, కాబట్టి మైగ్రేషన్ టూల్‌కి ఆ ఒక్క ఫైల్‌ని ట్రాన్సాక్షన్ బయట నడపమని చెప్పాలి. మధ్యలో ఆగిపోతే చెల్లని ఇండెక్స్ ఒకటి మిగిలిపోతుంది. దాన్ని తీసేసి మళ్లీ కట్టాలి.

బ్యాకెండ్_బుజ్జి
దుర్గ గారు చెప్పినదానికి కోడ్ వైపు నుంచి ఒకటి కలుపుతాను. డిప్లాయ్ జరుగుతున్నప్పుడు పాత కోడ్, కొత్త కోడ్ పక్కపక్కనే నడుస్తాయి. 12 పాడ్లలో (నడుస్తున్న అప్లికేషన్ కాపీలు) 5 కొత్తవి, 7 పాతవి ఉన్న నిమిషాలు ఉంటాయి. ఆ నిమిషాల్లో కూడా రెండూ పనిచేయాలి. అందుకే వరస ఇలా: ముందు ఖాళీ కాలమ్, తర్వాత కొత్త వరుసల్లో విలువ రాసే కోడ్, తర్వాత పాతవి నింపడం, తర్వాత చదివే కోడ్, ఆఖర్న నాట్ నల్. ఒక్కోటి ఒక్కో డిప్లాయ్.
తీసేసేటప్పుడు వరస తిరగబడుతుంది. ఎంటిటీలో (టేబుల్‌కి జతగా ఉండే జావా క్లాస్) ఫీల్డ్ ఉన్నంతకాలం హైబర్నేట్ లైబ్రరీ ఆ కాలమ్ పేరుని సెలెక్ట్‌లో రాస్తూనే ఉంటుంది. కోడ్‌లో ఎవరూ వాడకపోయినా సరే. ఫీల్డ్ తీసిన కోడ్ అన్ని పాడ్లకీ వెళ్లాకే కాలమ్ డ్రాప్ చేయాలి.

నైట్‌షిఫ్ట్_నాని
ఐదు డిప్లాయ్‌లంటే ఐదు క్యాబ్‌లు! నెల కాస్తా ఐదు నెలలవుతుంది. దీనికన్నా ఒకేసారి రాత్రి డౌన్‌టైమ్ తీసుకుని చేసేయడం మేలు కదా.

రిలీజ్_రమణ
ఈ ప్రశ్న న్యాయమైనదే, అందరికీ వచ్చేదే. కానీ ఐదింటికీ ఐదు క్యాబ్‌లు అక్కర్లేదు. ఐటిల్ అనే ఐటీ నిర్వహణ పద్ధతి పాటించే చోట చేంజ్‌లు మూడు రకాలు: స్టాండర్డ్, నార్మల్, ఎమర్జెన్సీ. స్టాండర్డ్ అంటే ముందే ఆమోదం పొందిన నమూనా. ఇదే రకం మార్పు పలుమార్లు ఇబ్బంది లేకుండా వెళ్లిందని చూపిస్తే, 'నల్ ఒప్పుకునే కాలమ్ చేర్చడం', 'ఫ్లాగ్ (ఫీచర్‌ని ఆన్, ఆఫ్ చేసే స్విచ్) ఆఫ్‌లో ఉన్న కోడ్ డిప్లాయ్' లాంటివి స్టాండర్డ్ జాబితాలో పెట్టిస్తారు. తర్వాత టికెట్ వేసి, నిర్ణీత సమయంలో చేసుకోవడమే. మీ డిపార్ట్‌మెంట్‌లో ఆ జాబితా ఇప్పటికే ఉండే ఉంటుంది. చేంజ్ మేనేజర్‌ని అడగండి. చాలా టీములు అది ఉందని తెలియకే ప్రతిదాన్నీ నార్మల్‌గా వేస్తుంటాయి.
నార్మల్ టికెట్ తిరిగి రాకుండా ఉండాలంటే రోల్‌బ్యాక్ గడి జాగ్రత్తగా నింపాలి. 'పాత వర్షన్ పెడతాం' అని రాస్తే తిప్పి పంపుతారు. ఏ కమాండ్, ఎవరు, ఎన్ని నిమిషాలు, ఏది చూసి వెనక్కి వెళ్లాలని నిర్ణయిస్తారు. ఉదాహరణకి, '15 నిమిషాల్లో 500 కోడ్ ఎర్రర్లు (సర్వర్ తప్పులు) 1 శాతం దాటితే'. కాలమ్ విషయంలో రోల్‌బ్యాక్ అంటే కోడ్ మాత్రమే వెనక్కి, కాలమ్ అలాగే ఉండనివ్వడం. అది స్పష్టంగా రాయండి. కాలమ్ డ్రాప్ చేస్తామని రాస్తే, అంతవరకు నిండిన డేటా ఏమవుతుందని అడుగుతారు, సరైన ప్రశ్నే.

హైటెక్_హరిత
క్యాబ్ వల్ల నిజంగా తప్పులు తగ్గుతాయని నేను అనుకోను. 2019 డోరా నివేదికలో (సాఫ్ట్‌వేర్ టీముల పనితీరు మీద పరిశోధన) ఇది చూశారు. బయటివాళ్ల ఆమోదం కోసం ఆగే బరువైన ప్రాసెస్ ఉన్న సంస్థలు వెనకబడిన వర్గంలో ఉండే అవకాశం 2.6 రెట్లు ఎక్కువ. దానివల్ల విఫలమైన మార్పులు తగ్గాయనడానికి ఆధారం దొరకలేదు. కోడ్ చూడని పదిమంది వారానికోసారి కూర్చుని తల ఊపితే ఏం పట్టుబడుతుంది?

మెయిన్‌ఫ్రేమ్_మూర్తి
హరిత గారూ, తప్పులు పట్టడానికి క్యాబ్ బలహీనమైనదే, ఒప్పుకుంటాను. కానీ అది పుట్టింది ఆ ఒక్క పనికే కాదు. అమెరికా స్టాక్ మార్కెట్‌లో నమోదైన కంపెనీలకి 2002 సార్బేన్స్-ఆక్స్లీ చట్టం ఉంది. ఆర్థిక నివేదికల వెనక ఉన్న సిస్టమ్‌ల మీద నియంత్రణ ఉందని ఆడిటర్‌కి చూపించాలి. రాసినవాడే ఆమోదించి, వాడే ప్రొడక్షన్‌లో పెట్టే వీలు ఉండకూడదు. కార్డు డేటా ముట్టే కోడ్‌కి పీసీఐ డీఎస్ఎస్ అనే భద్రతా ప్రమాణం కూడా, రాసినవాళ్లు కాక వేరేవాళ్లు చూడాలంటుంది. అయితే ఒక మాట. వారానికోసారి మీటింగ్ పెట్టమని ఆ చట్టంలో ఎక్కడా లేదు. పుల్ రిక్వెస్ట్ ఆమోదం, పరీక్షల ఫలితం, డిప్లాయ్ చేసిన పైప్‌లైన్ రికార్డు, ఈ మూడూ చెరపలేని విధంగా భద్రపడి ఉంటే అదే సాక్ష్యం. మీ పైప్‌లైన్ ఆ రికార్డు ఇవ్వగలదని చూపించిన రోజు చాలా మార్పులకి మీటింగ్ అక్కర్లేకుండా పోతుంది.

హైటెక్_హరిత
అలాగైతే నాకు అభ్యంతరం లేదు మూర్తి గారూ. నేను కాదనేది రివ్యూని కాదు, మీటింగ్‌ని.

కొండాపూర్_కోడర్
రమణ గారూ, 'ఫ్లాగ్ ఆఫ్‌లో ఉన్న కోడ్' అన్నారు. అంటే ఫ్రీజ్ ముందే కోడ్ పెట్టేసి, ఫ్రీజ్ అయ్యాక ఆన్ చేయొచ్చా?

రిలీజ్_రమణ
చేయొచ్చు. డిప్లాయ్ వేరు, కస్టమర్‌కి కనిపించడం వేరు. కానీ కొన్ని బ్యాంకుల్లో ఫ్లాగ్ తిప్పడానికి కూడా టికెట్ కావాలి, ముందే కనుక్కోండి. 1, 10, 50, 100 శాతం అని పెంచుకుంటూ పోండి. శాతాన్ని కస్టమర్ ఐడీ హాష్ మీద లెక్కగట్టాలి. ప్రతి రిక్వెస్ట్‌కీ పాచిక వేస్తే ఒకే మనిషికి ఒకసారి కొత్త పేజీ, ఒకసారి పాత పేజీ వస్తుంది. ఫ్లాగ్ సర్వర్ అందకపోతే ఆఫ్ అనే తీసుకోవాలి.
ఫ్లాగ్ పుట్టిన రోజే దాన్ని తీసేసే టికెట్ కూడా పుట్టాలి. పాత ఫ్లాగ్ పేరుని ఇంకో పనికి ఎప్పుడూ వాడకండి. 2012 ఆగస్టు 1న నైట్ క్యాపిటల్ అనే అమెరికా షేర్ ట్రేడింగ్ కంపెనీలో జరిగింది అదే. ఎప్పుడో 2003లో వాడకం ఆపేసిన పాత కోడ్ సర్వర్లలో అలాగే ఉంది. దాని ఫ్లాగ్‌నే కొత్త పనికి వాడారు. 8 సర్వర్లలో ఒకదాని మీద కొత్త కోడ్ పడలేదు. ఫ్లాగ్ ఆన్ చేయగానే ఆ ఒక్క సర్వర్ పాత కోడ్‌తో ఆర్డర్లు పంపడం మొదలుపెట్టింది. సుమారు 45 నిమిషాల్లో 44 కోట్ల డాలర్లకు పైగా నష్టం. మధ్యలో కారణం తెలియక, సరిగా ఉన్న 7 సర్వర్ల నుంచి కొత్త కోడ్ తీసేశారు. దాంతో అవి కూడా పాత కోడ్ నడిపాయి. అన్ని సర్వర్లలో ఒకే వర్షన్ ఉందో లేదో డిప్లాయ్ అయ్యాక సరిచూసే మెట్టు ఉంటే ముందే దొరికిపోయేది.

ఓరుగల్లు99
గందుకే నేను డిప్లాయ్ అయినంక వర్షన్ ఎండ్‌పాయింట్‌ని అన్ని పాడ్ల మీద కొట్టి చూడమంట. రెండు నిమిషాల పని.

హైటెక్_హరిత
స్కాన్ సంగతి మిగిలిపోయింది. మీరు చేర్చని లైబ్రరీ ఎందుకు దొరికిందంటే అది ఇంకో లైబ్రరీ వెంట వచ్చి ఉంటుంది. బిల్డ్ టూల్ మేవెన్‌లో డిపెండెన్సీ ట్రీ తీసి ఎవరు తెచ్చారో చూడండి. తెచ్చినదాని కొత్త వర్షన్ పెట్టడం మొదటి దారి. అది కుదరకపోతే డిపెండెన్సీ మేనేజ్‌మెంట్‌లో ఆ లోపలి లైబ్రరీ వర్షన్‌ని పైనుంచి బిగించాలి, పరీక్షలన్నీ మళ్లీ నడపాలి. మినహాయింపు అడగడం ఆఖరి దారి, అందులో గడువు తేదీ, ఆ లోపం మీ కోడ్ దారిలోకి ఎందుకు రాదో కారణం రాయాలి.
ఇది ఫీచర్ బ్రాంచ్‌లో చేయకండి. వారానికోసారి లైబ్రరీల కోసమే వేరే పుల్ రిక్వెస్ట్ పెట్టే అలవాటు టీమ్‌కి ఉంటే, ఫీచర్ రోజున స్కాన్ అడ్డం రాదు. 2021 డిసెంబరులో లాగ్‌ఫోర్‌జే అనే జావా లైబ్రరీలో భద్రతా లోపం వచ్చినప్పుడు ఆ ఒక్క నెలలోనే 2.15, 2.16, 2.17, 2.17.1 వరసగా వచ్చాయి. అప్పటికే లైబ్రరీలు తాజాగా ఉంచుకున్న టీములకి అది వర్షన్ నంబరు మార్చే పని. పాతబడ్డ టీములకి సగం కోడ్ కదిలింది.

టెక్సస్_తాత
నింపే జాబ్‌ని అమెరికా టైమ్ ప్రకారం షెడ్యూల్ చేస్తే ఒకటి చూసుకోండి. అక్కడ గడియారం గంట జరుపుతారు కాబట్టి మార్చి రెండో ఆదివారం రాత్రి 2:30 అనే సమయమే ఉండదు. నవంబరు మొదటి ఆదివారం 1:30 రెండుసార్లు వస్తుంది.

నైట్‌షిఫ్ట్_నాని
టైమ్‌కి జాబ్‌లు నడిపే క్రాన్ దాన్ని తనే సర్దుకుంటుందిగా తాతా?

టెక్సస్_తాత
లినక్స్ డిస్ట్రోల్లో వచ్చే కొన్ని క్రాన్‌లు సర్దుకుంటాయి నానీ. అన్ని షెడ్యూలర్లూ అలా కాదు, కొన్ని వదిలేస్తాయి, కొన్ని రెండుసార్లు నడుపుతాయి. యూటీసీ అనే ప్రపంచ ప్రామాణిక సమయంలో పెట్టుకుంటే ఈ గొడవే ఉండదు. దుర్గ గారు చెప్పిన 'నల్ అయితేనే' షరతు ఉంటే రెండుసార్లు నడిచినా నష్టం లేదు.

మెయిన్‌ఫ్రేమ్_మూర్తి
ఫ్రీజ్ క్యాలెండర్ ఏడాది మొదట్లోనే తీసుకుని గోడకి అంటించండి. నెలాఖరు, త్రైమాసికాంతం, థాంక్స్‌గివింగ్ నుంచి జనవరి మొదటివారం దాకా. మన దగ్గర వ్యాపారం ఉన్న కంపెనీ అయితే దసరా-దీపావళి అమ్మకాలు, మార్చి 31. ప్లానింగ్‌లో తేదీలు వెనకనుంచి లెక్కేయాలి: ఫ్రీజ్, దానికి ముందు క్యాబ్, దానికి ముందు కటాఫ్, దానికి ముందు రివ్యూ. ఫ్రీజ్ వారంలో చేతులు కట్టుకోనక్కర్లేదు. పుల్ రిక్వెస్ట్‌లు ఆమోదం చేయించి, తర్వాతి టికెట్లు నింపి పెట్టుకోవచ్చు. ఫ్రీజ్ తీసిన రోజు తోపులాట ఉంటుంది, ముందు వేసినవాళ్లకే మంచి స్లాట్.

కొండాపూర్_కోడర్
అయితే ఇలా చేస్తాను, తప్పుంటే చెప్పండి. కాన్ఫిగ్ ఫైల్, లైబ్రరీ వర్షన్ రెండూ ఈ ఫ్రీజ్‌లోనే వేర్వేరు పుల్ రిక్వెస్ట్‌లు. ఖాళీ కాలమ్‌కి స్టాండర్డ్ చేంజ్ ఉందేమో చేంజ్ మేనేజర్‌ని అడుగుతాను. తర్వాత ఫ్లాగ్ వెనక రాసే కోడ్, ఫ్లాగ్ 100 శాతం అయ్యాక బ్యాచ్‌లుగా నింపడం, చదివే కోడ్. ఆఖర్న నేరుగా సెట్ నాట్ నల్.

డీబీఏ_దుర్గ
ఆఖరిది తప్ప అంతా బాగుంది. నేరుగా సెట్ నాట్ నల్ అంటే ఆ పెద్ద తాళం పట్టుకుని 4 కోట్ల వరుసలూ చూస్తుంది. వర్షన్ 12 నుంచి దీనికి దారి ఉంది. ముందు 'భాష నల్ కాకూడదు' అని చెక్ కన్‌స్ట్రెయింట్‌ని నాట్ వాలిడ్‌గా చేర్చండి. అది క్షణం పని, కొత్త వరుసలకి అప్పటినుంచే వర్తిస్తుంది. తర్వాత వాలిడేట్ చేయండి. అది టేబుల్ మొత్తం చూస్తుంది గానీ చదవడాన్నీ రాయడాన్నీ ఆపదు. అప్పుడు సెట్ నాట్ నల్ ఇస్తే పోస్ట్‌గ్రెస్ ఆ కన్‌స్ట్రెయింట్‌ని నమ్మి మళ్లీ వెతకదు. ఇక చెక్ తీసేయొచ్చు.

కొండాపూర్_కోడర్
చేర్చడం, వాలిడేట్ ఒకే మైగ్రేషన్ ఫైల్‌లో పెట్టొచ్చా? టికెట్ ఒకటి తగ్గుతుంది.

డీబీఏ_దుర్గ
వద్దు. ఒకే ఫైల్ అయితే ఒకే ట్రాన్సాక్షన్. చేర్చినప్పుడు పట్టిన తాళం వాలిడేట్ ముగిసేదాకా ఉంటుంది, పడ్డ శ్రమంతా వృథా. రెండు ఫైళ్లు రాయండి. టికెట్ మాత్రం ఒకటే వేసుకోవచ్చు, అందులో రెండు మెట్లుగా చూపించండి.